హార్మోనియం రాజంకు దక్కిన హోదా

సంగీతానికి పట్టిన పీడ సంగీతకారుడే! ఈ సత్యం మన సిద్దిపేటకు ఇన్నాళ్లకు తెలిసింది. తెలియజెప్పిన మహోపకారి మైకు పెట్టె.

నిరుటి దాకా రాజం ఎవరు? భాగోతాలకు హార్మోనియం వాయించే మనిషి. దుబ్బయ్య రాణి వేషం కట్టి పాటెత్తితే, అతని ఆయాసం చూసి పాటను నెమ్మదిగా నడిపేవాడు. అడుగు తడబడితే రాగం సాగదీసి కాచేవాడు. ఇదీ ఒక విద్యేనా? ఇప్పుడు హైదరాబాదు వెళ్లి మైకు నడపడం నేర్చుకొచ్చాడు. ఊరంతా "ఇంజనీరు సాబ్" అంటోంది. వాయించిన రోజుల్లో ఒక్కరైనా "సాబ్" అన్నారా?

లాభాలు చెప్పమంటారా? నా ఇల్లాలు పోయినప్పటి నుంచి ఇంట్లో మాటా పలుకూ లేదని దిగులుపడేవాణ్ణి. తీరింది! ఊరి ఆ చివర పెళ్లిలో మైకు మోగితే మా గోడ సున్నం రాలుతోంది. ఇక పెళ్లిళ్లలో మా ఊరి పాటల సాయవ్వ వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ పాడితే, ఆ వియ్యపురాలు ఎదురు పాట కట్టాల్సి వచ్చేది. ఎంత శ్రమ! ఇప్పుడు గ్రామఫోన్ ప్లేటు పెడితే చాలు, ఆడవాళ్లు నోరు తెరవనక్కరలేదు.

మొన్న సాయంత్రం దామోదర్ సేటు తన కొత్త దుకాణం ముందు భాగోతం పెట్టించాడు. మైకు ఒక్కటే. దుబ్బయ్య పక్కకు అడుగేశాడో లేదో, రాజం కేకేశాడు.

"కదలకే దుబ్బన్నా! గాడ్నే నిలవడు!"

"రాణి అలిగితె గుంజ లెక్క నిలవడ్తదారా?"

"నీ అలుక మైకుల వడాలె గదనే!"

జడ విసరని రాణిని చూసే భాగ్యం ఇంకెవరికి దక్కింది? రాజంకు మీటలు తిప్పడంతోనే సరిపోయింది. మైకు యంత్రానికి పీట కావలసి వస్తే, మూసిన హార్మోనియం అందుకు పనికొచ్చింది.

ఇంతలో బ్యాటరీ చచ్చింది. సేటు మండిపడి, దుకాణంలో పనిచేసే నర్సయ్యను పిలిచాడు.

"ఇజ్జత్ తీస్తివి గదరా! నర్సయ్యా, గజ్వేల్ బస్సెక్కు, ఇంకో బ్యాటరీ పట్కరా. గది వచ్చేదాక గీ ఉత్త పాటనే కానియ్యుండ్రి, ఏం జేస్తం!"

రాజం యంత్రాన్ని దించాడు. హార్మోనియం తెరిచి, దాని మెట్ల మీద దుమ్ము పైపంచెతో తుడిచాడు. మొదట రెండు చోట్ల వేళ్లు తప్పాయి. మూడో చరణానికి దుబ్బయ్య వాకిలంతా తిరుగుతూ జడ విసిరాడు.

"వాహ్వా, రాజం భాయ్!" అన్నాడు జనంలో వెనక కూర్చున్న జానీ పాషా.

ఇలా పాత రోజులు తిరిగి వస్తే ఊరు బాగుపడేదెప్పుడు? ఆ బెంగతోనే లేచి బస్సు దగ్గరికి పరిగెత్తాను. నర్సయ్య మెట్టు మీద కాలు పెట్టబోతున్నాడు. చేయి పట్టుకుని ఆపి, ఒక చాయ్ ఇప్పించాను.

అది తాగాక ఇంకో చాయ్ చెప్పాను. బస్సు వెళ్లిపోయింది.