మామగారి రొయ్యలకు అల్లుడి కాపలా

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, కాఫీ పెట్టుకోవాలి, మామగారి అక్వేరియంలో ఉడికించిన పాలకూర ముక్క ఒకటి జారవిడవాలి, రొయ్యలన్నీ క్షేమమని భార్యకు ఫోన్ చేయాలి, ప్రెస్సుకు పోయి ప్రూఫులు దిద్దుకోవాలి. ఇందులో కష్టపడాల్సిందేమీ లేదు. మనిషి కొంప ముంచేవి ఎప్పుడూ ఇలాంటి పనులే.

మామగారు రిటైరైన గడియారాల మెకానిక్. జీవితమంతా చేతిగడియారాల పొట్టల్లోకి చూసీ చూసీ, చివరికి ఎదురుగా ఉన్న గోడగడియారం కూడా కనబడని స్థితికి వచ్చారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. నెల తేడాతో రెండిటికీ ఆపరేషన్ చేయాలని, ఇంకా నాన్చితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు తేల్చేశాడు. పెద్దాయన మాత్రం ససేమిరా అన్నారు. భార్య పోయాక కూతురింటికి వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది ఆ గాజుతొట్టి ఒక్కటే. అందులో గోరంత ఎర్ర రొయ్యలు కొన్ని, రెండు నత్తలు, అద్దానికి నోరు ఆనించి పడుకునే ముసలి చేప ఒకటి. రొయ్యలు ఎన్నని అడిగితే, "నాకు కనబడేవి పది పన్నెండు. కనబడనివి ఎన్నో ఎవరు చూడొచ్చారు?" అనేవారు.

"వారం రోజులు నేను లేకపోతే వీటినెవరు చూస్తారు?" అని ఆయన పట్టు.

"నేను చూస్తాను మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

పెద్దాయన మసక కళ్ళతో అల్లుడున్న దిక్కుకు కాసేపు చూశారు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆయన అల్లుణ్ణి 'మీరు' అనే పిలుస్తారు. అది మర్యాదో, ఎడం పెట్టడమో అల్లుడికి ఇప్పటికీ అంతుబట్టలేదు.

"సరే. ముందు ఒక కన్ను చేయించుకుంటాను. నేనొచ్చేసరికి వీటికేమైనా అయిందంటే మాత్రం రెండో కన్ను ఊసు ఎత్తకండి. ఒప్పుకుంటారా?"

అల్లుడు ఒప్పుకున్నాడు. భార్య తండ్రిని తీసుకుని, కంటి ఆసుపత్రి పక్కనే ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మర్నాడే మొదటి కంటికి ఆపరేషన్ అయిపోయింది.

ఇదీ కథకు ముందు జరిగింది. ఇప్పుడు అల్లుడు పాలకూర ముక్క పట్టుకుని వంగేసరికి తొట్టి అడుగున ఇసుక మీద ఒక రొయ్య వెల్లకిలా పడి ఉంది. మీసాలున్నాయి, కాళ్ళున్నాయి, తోక ఉంది. ఒంట్లో రంగు మాత్రం లేదు. తెల్లగా, ఉల్లిపొరలా తేలిపోతోంది. చెంచాతో కదిపి చూశాడు. కదల్లేదు. మిగిలినవాటిని లెక్కపెడితే ముందురోజు కనబడినవాటికి నిజంగానే ఒకటి తగ్గింది.

పాపం అతని గుండె జారిపోయింది. రొయ్య కోసం కాదు, మామగారి రెండో కన్ను కోసం. ఆ తెల్లటి శరీరాన్ని పాత ప్రూఫు కాగితంలో చుట్టి బాల్కనీలో పూలకుండీలో పూడ్చి, పెంపుడు చేపలమ్మే కొట్టు తీసేవేళకు దాని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒకటేం సరిపోతుందండీ, మూడు తీసుకోండి. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటాయి" అన్నాడు కొట్టతను. డబ్బులు తీసుకుంటూ, "నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది?" అని ఊరికే అడిగాడు.

ఆ ప్రశ్న అల్లుడి బుర్రలో మేకులా దిగింది. ఓహో, నీళ్ళు చెడ్డాయన్నమాట. ఇంటికొచ్చి సగం తొట్టి తోడి పోసి, కొత్త నీళ్ళు పట్టాడు. కొత్త రొయ్యల్ని వదిలాడు. ఆ సాయంత్రం భార్యతో, "అంతా బాగానే ఉంది" అన్నాడు. అంతవరకూ అది నిజమే.

తెల్లారి చూస్తే నాలుగు శవాలు. అన్నీ తెల్లగానే. బతికున్నవాటి జాడ కూడా సరిగా లేదు, నాచులోంచి మీసాలు రెండు కదులుతున్నాయంతే. అల్లుడు కాఫీ తాగలేదు. ప్రెస్సుకు వెళ్ళి, కాగితపు బేళ్ళ చాటుకు పోయి భార్యకు ఫోన్ చేశాడు.

"ఇంకో నాలుగు ప్రాణాలు పోయాయే. చుక్క రక్తం లేనట్టు పాలిపోయాయి... నిన్న ఒకటి పోతే నీతో అనలేదు... మీ నాన్నకు మాత్రం చెప్పకు. చెబితే ఇక రెండో ఆపరేషన్ అన్నమాటే లేదు... ఎవరికీ తెలియకుండా నేనే పూడ్చేశాను."

బేళ్ళకు అవతల ఫోర్‌మన్ బీడీ వెలిగించుకుంటున్నాడు. ఆయన మనసు వెన్న, కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రెండు గుణాలూ ఒక మనిషిలో ఉంటే చుట్టుపక్కలవాళ్ళకు ప్రమాదం. బీడీ అయిపోయేలోగా విషయం మిషన్ల దాకా పాకింది.

"ఇంట్లో ఇంత పెట్టుకుని ప్రూఫులేంటయ్యా? ఇంటికెళ్ళు" అన్నాడు ఫోర్‌మన్ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి.

"మీకెలా తెలిసింది సార్?"

"అన్నీ నోరు విప్పి చెప్పాలా? మనుషులం కామా?"

అల్లుడికి కళ్ళు చెమర్చాయి. రొయ్యల కోసం సెలవిచ్చే ఫోర్‌మన్ లోకంలో ఎక్కడైనా ఉంటాడా అనుకున్నాడు. దారిలో చేపల కొట్టుకు పోయి, ఈసారి లెక్కపెట్టకుండా ఒక సంచి నిండా ఎర్ర రొయ్యలు తీసుకున్నాడు. వాటిని వదిలే ముందు, ఎందుకైనా మంచిదని మళ్ళీ సగం నీళ్ళు మార్చాడు.

సాయంత్రం తలుపు తీస్తే గుమ్మంలో ప్రెస్సు ప్రెస్సంతా ఉంది. తలలు వంచుకుని, చేతుల్లో పూలగుత్తులతో. ఫోర్‌మన్ ముందుకొచ్చి ఒక కాగితపు పొట్లం చేతిలో పెట్టాడు.

"సంతాపం కార్డులు. మన మిషన్ మీదే కొట్టించాను. పేర్ల దగ్గర ఖాళీ వదిలాం. అయిదుగురికీ సరిపడా చోటుంది."

"ఏ అయిదుగురు సార్?"

"గుండె రాయి చేసుకోవయ్యా" అన్నాడు ఫోర్‌మన్, తనే కళ్ళు తుడుచుకుంటూ.

అల్లుడికి విషయం బోధపడడానికి కొంతసేపు పట్టింది. అతను చెప్పింది వాళ్ళకు బోధపడడానికి ఇంకొంతసేపు పట్టింది. "రొయ్యలా?" అన్నాడు ఫోర్‌మన్. పూలగుత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల మీద పెట్టారు. మామగారి పంతం, రెండో కన్ను సంగతి అల్లుడు చెప్పాక ఫోర్‌మన్ కోపం సగం దిగిపోయింది. "అయినా రెండు వందల కార్డులు కొట్టించానయ్యా" అన్నాడు, మిగిలిన సగంతో.

ఈలోగా పక్కింటావిడ ఊరుకోలేదు. పూలు, జనం, వంచుకున్న తలలు చూసి అల్లుడి మరదలి ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది పెద్దాయనే. "మీ ఇంట్లో ఏదో ఘోరం జరిగినట్టుందండీ, మీ అల్లుడు తప్ప ఇంట్లో ఎవరూ లేరు కదా" అంది. పెద్దాయన ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నారు. అసలు సంగతి తెలిసిన కూతురు మింగలేక కక్కలేక దారి పొడుగునా కారులో గోళ్ళు కొరుక్కుంది.

నల్లకళ్ళజోడుతో, రొప్పుతూ పెద్దాయన లోపలికి వచ్చారు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అల్లుడి రెండు భుజాలూ పట్టుకున్నారు.

"నువ్వు బాగానే ఉన్నావా నాయనా? నీకేదో అయిందనుకున్నాను."

ఆరేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు వచ్చి వచ్చి ఇలాంటి పూట వచ్చింది. ఈ మనిషికి అబద్ధం చెప్పకూడదని ఆ క్షణాన నిశ్చయించుకున్నాడు.

"నాకేం కాలేదు మామయ్యగారూ. కానీ మీ తొట్టిలో..."

పెద్దాయన అప్పటికే తొట్టి వైపు తిరిగారు. కళ్ళజోడు తీశారు. వంగారు. చాలాసేపు లేవలేదు. కూతురు వచ్చి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇన్నున్నాయా?" అన్నారాయన చివరికి. "ఇన్నాళ్ళూ ఇన్ని ఉన్నాయా ఇక్కడ? కాళ్ళు కనబడుతున్నాయమ్మా. సెకను ముల్లు కంటే సన్నగా ఉన్నాయి. ఒక్కో కాలూ కనబడుతోంది."

తొట్టి నిండా ఎర్రగా రొయ్యలే. కొత్తవాటితో పాటు, నాచులోంచి పాతవీ ఒక్కొక్కటే బయటికొచ్చి తిరుగుతున్నాయి.

"అదిగో, అది చూడు. చొక్కా విప్పేసింది" అంటూ ఇసుక మీద తెల్లగా పడి ఉన్న దాన్ని చూపించారు. "ఎదిగినప్పుడల్లా పెంకు వదిలేస్తాయి. కొత్త నీళ్ళు పడితే అన్నీ ఒకేసారి వదులుతాయి. ఒళ్ళు గట్టిపడేదాకా సిగ్గుపడి దాక్కుంటాయి."

ప్రెస్సు మొత్తం అల్లుడి వైపు తిరిగింది.

"అయితే ఏదీ చావలేదా?" అన్నాడు అల్లుడు, నోరు జారి.

"ఎందుకు చస్తాయి? నువ్వున్నావుగా" అన్నారు పెద్దాయన.

అల్లుడు మళ్ళీ నోరు తెరిచాడు. భార్య అతని కాలు తొక్కింది. ఫోర్‌మన్ కార్డుల పొట్లం మెల్లగా తీసి చంకలో పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఏమీ అనలేదు.

పెద్దాయన ఇదేదీ గమనించలేదు. ఆపరేషన్ కాని కన్ను అరచేత్తో మూసి చూశారు, తెరిచి చూశారు, మళ్ళీ మూశారు. "ఒక్క కంటికే ఇన్ని కనబడుతుంటే, రెండోది కూడా అయితే ఇంకెన్ని కనబడతాయో. నెలదాకా ఎందుకు, ఆ డాక్టరుకు రేపే ఫోన్ చెయ్యి నాయనా" అన్నారు.

ఆపరేషన్‌కు తేదీ కుదిరిన రోజు సాయంత్రం అల్లుడు చేపల కొట్టుకు వెళ్ళి, ఇంకో సంచి కట్టమన్నాడు.