క్రెయిగీబర్న్ తెలుగు సంఘం వారి తూర్పాసియా ప్రేమ

తూర్పాసియా ప్రవాసుల జీవితం, అస్తిత్వం, ప్రేమ అనే అంశాలపై మా క్రెయిగీబర్న్ తెలుగు సంఘం మూడు శనివారాలు సినిమాలు ప్రదర్శించి, జయప్రదంగా ముగించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మనకెందుకండీ ఈ గొడవ అని గిట్టనివాళ్ళు కొందరు అడిగారు. ఇతర సంస్కృతులను ఆదరించే సంఘాలకు కౌన్సిల్ వారు హాలు ఉచితంగా ఇస్తారు. ఆ హాలు మనకు ఉగాదికి కావాలి. ఆదరణ అలా మొదలైంది.

సినిమాలు ఎంపిక చేసింది అధ్యక్షులు గోపాలరావు గారి అమ్మాయి శ్రావ్య. ఆ పిల్ల ఆశ ఒక్కటే. సినిమాలు చూసి నాన్న మనసు మెత్తబడితే, ఆఖరి శనివారం తను ప్రేమించిన అబ్బాయిని ఆయన ముందు నిలబెట్టాలని. ఈ రహస్యం తల్లి రత్నకుమారి గారికి మాత్రమే చెప్పింది కాబట్టి మర్నాటికల్లా సంఘమంతటికీ తెలిసింది. సినిమాల వరస చూసి, కుర్రాడు చైనావాడేనని అందరూ తేల్చేశారు. గోపాలరావు గారు మూడు రోజులు అలిగి, నాలుగో రోజు నుంచి ఉప్మాను చాప్‌స్టిక్స్‌తో తినడం సాధన చేశారు. ఎంతటి విశాల హృదయమో చూడండి!

మొదటి శనివారం జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, వక్తల పరిచయం, ఆ వక్తలను పరిచయం చేసినవారి పరిచయం అయ్యేసరికి హాలు ఖాళీ చేసే వేళయింది. నాయికానాయకులు కలుసుకున్నారో లేదో నేటికీ తెలియదు. రెండో శనివారం సన్మానానికి తూర్పాసియా వాళ్ళెవరూ దొరక్క, పక్క కోర్టులో బ్యాడ్మింటన్ ఆడుకుంటున్న దంపతులను బతిమాలి తెచ్చి శాలువాలు కప్పాం. వాళ్ళు పుట్టి పెరిగింది ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న బెండిగోలోనట. అస్తిత్వం గురించి రెండు ముక్కలు చెప్పమంటే, ఆట మధ్యలో ఉందని వెళ్ళిపోయారు.

మూడో శనివారం సినిమా పూర్తిగా నడిచింది. అందులో ఓ మలేషియా చైనీయుడు, కూతురు పరాయివాణ్ణి ప్రేమించిందని మాటలు మానేస్తాడు. హాలంతా ముక్కు చీదింది. మంగతాయారు ఆంటీ అయితే తెర మీదికి వేలు చూపించి, "వీడి మొహం మండ! కన్నకూతురి ఏడుపు కనబడదూ?" అని శాపనార్థాలు పెట్టారు.

గోపాలరావు గారు కళ్ళు తుడుచుకుని మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! ప్రేమకు జాతి లేదు, మతం లేదు, కులం అసలే లేదు! పిల్ల సుఖం కంటే లోకం ఎక్కువా?"

చప్పట్లు ఆగకముందే శ్రావ్య వేదికెక్కింది. "డాడ్, promise? ఎవరైనా okay నా?"

"ఎవరైనా సరే తల్లీ. తీసుకురా" అని ఆయన శాలువా మడత విప్పారు.

శ్రావ్య ప్రొజెక్టర్ దగ్గరకు వెళ్ళి, మూడు వారాలుగా దాన్ని నడుపుతున్న రోనిత్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎలక్ట్రీషియన్. ఫిజీ నుంచి వచ్చిన శివనంద్ గారబ్బాయి. వాళ్ళ పూర్వులు ఎప్పుడో చెరకు తోటల్లో పనికి ఓడెక్కిన తెలుగువాళ్ళు.

"నమస్కారం అంకుల్" అన్నాడు రోనిత్, శుభ్రమైన తెలుగులో.

హాలు చల్లబడిపోయింది. గోపాలరావు గారు విప్పిన శాలువా మళ్ళీ మడతపెట్టారు. "తెలుగువాళ్ళా బాబూ? సంతోషం. ఇంతకీ మీరేమిట్లు?"

"తెలీదు అంకుల్. మా తాతకీ తెలీదు. We're just Telugu."

అధ్యక్షులవారు కుర్చీలో కూలబడ్డారు. మైకు ఆపలేదు గనుక ఆయన కూతురితో గొణిగింది అందరికీ వినబడింది. "చైనా కుర్రాడైతే ఎవరూ అడగరమ్మా. తెలుగు కుర్రాడంటే అందరూ అడుగుతారు. ఏమని చెప్పను?"

"డాడ్, you literally just said..."

"అది సినిమాకి చెప్పింది తల్లీ!"

శ్రావ్య వెక్కివెక్కి ఏడుస్తూనే రోనిత్‌తో బయటికి నడిచింది. తెర మీది తండ్రిని తిట్టిన ఆంటీ తలుపు దగ్గర పక్కకు తప్పుకుని, హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుక్కున్నారు. పిల్ల ఇంకా ఇంటికి రాలేదు. తల్లి ఫోన్ చేస్తూనే ఉంది.

ఆ అబ్బాయి ఏమిట్లో ఫిజీ దాకా వాకబు చేయడానికి సంఘం తక్షణమే ఉపసంఘం వేసింది. పాఠకులు గోపాలరావు గారిని తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోండి. కాకపోతే, ఈయన ఇంటిపేరు రాయలేదేమిటి, రాస్తే ఏమిట్లో తెలిసేది కదా అని చదువుతున్నప్పుడు మీకొక్కసారైనా అనిపించి ఉంటే, మొహమాటపడకండి. ఉపసంఘంలో ఇంకా ఖాళీలున్నాయి.