ఎండలో ఉండేవారికి సూచనలు

నల్లబడడం ఒక అదృష్టం! నవ్వకండి. ఆఫీసుకు సెలవు పెట్టి, విమానమెక్కి, హోటల్లో గది తీసుకుని, పనిగట్టుకుని నల్లబడేవాళ్ళు ఈ భూమ్మీద ఉన్నారు. దాన్ని ట్యాన్ అంటారు. అదే సరుకును మార్చి నుంచి జూన్ దాకా మన గుమ్మాల్లో బస్తాలకొద్దీ కుమ్మరించి పోతున్నాడు సూర్యుడు. మనమేమో గొడుగులు పట్టి, మొహాలకు చున్నీలు చుట్టి, తెల్లబడే క్రీములు పూసుకుని ఆ పెద్దమనిషిని అవమానిస్తున్నాం!

మేడ్చల్ బస్టాపులో నిలబడండి చాలు. ముందువైపు ట్యాన్. బస్సు లేటైతే వెనకవైపు కూడా! శామీర్‌పేట దాకా షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం కూర్చుని సగం వేలాడితే, వేలాడిన సగానికి స్పెషల్ ట్యాన్. తూంకుంట కొత్త లేఅవుట్లలో చెట్టన్నది ఉంచలేదు గనక అక్కడ ఏ అడ్డమూ లేదు. ఇంతటి ప్రజాసేవ ఇంకెక్కడైనా ఉందా?

అయితే దేనికైనా ఒక పద్ధతుండాలి కదా! ఎండలో ఉండడానికి కూడా ఉంది. ఆ పద్ధతి మన వైపు ఎలా వచ్చిందో చెబుతాను.

రెండువేల మూడు మే నెల. శామీర్‌పేట చెరువు దారిలో ఒక రిసార్టు. అందులో సాయినాథ్ అని రావల్కోల్ ఊరి యువకుడు రిసెప్షన్లో కొత్తగా చేరాడు. వాళ్ళ ఇంటి మొత్తానికి డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. బి.ఏ. తెలుగు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్లో ఉంది. అందుకని ఎవరు తుమ్మినా లేచి నిలబడేవాడు.

అతని తల్లి సాలమ్మది కూడా అక్కడే పని. అతను ఏసీ గదిలో, ఆమె బయట లాన్‌లో. కలుపు తీసే ఆరుగురు ఆడవాళ్ళలో ఆమె పెద్దది. కొడుకు అద్దం తలుపు తీసుకుని వస్తే, "ఇంటికాడ సాయిగాడు, డ్యూటీల సారు! నమస్తే సారూ" అని కలుపు తీసే కుర్పీ పక్కన పెట్టి మరీ దండం పెట్టేది. అతనికి సిగ్గుతో చెవులు ఎర్రబడేవి.

సిగ్గు ఒక్కటే అయితే బాగుండేది. అతనికి భయం కూడా ఉంది. అంతకుముందు వేసవిలో ఇదే సాలమ్మ ఎండదెబ్బకు చేనుగట్టు మీద పడిపోయింది. మేడ్చల్ దవాఖానాలో రెండు సెలైన్ సీసాలు ఎక్కిస్తేగాని కళ్ళు తెరవలేదు. ఆనాటి నుంచి ఆమె కొంగున ఎప్పుడూ ఒక ఉల్లిగడ్డ ఉంటుంది. ఎండను ఆపే మందు మరి!

ఒకరోజు ధైర్యం చేసి సాయినాథ్ మేనేజర్ చలపతిరావు దగ్గరికి వెళ్ళాడు. చలపతిరావుది భీమవరం వైపు. తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడే, గదిలో ఏసీ పనిచేస్తున్నంతసేపు.

"సార్, కలుపు తీసే ఆడవాళ్ళకు గూడ మన టోపీలు ఇస్తే..."

"టోపీలు స్టాఫ్‌కయ్యా! వాళ్ళు స్టాఫా ఏంటి? పొద్దున వస్తారు, సాయంత్రం పోతారు. వచ్చిపోయేవాళ్ళు!"

కిటికీ కింద గడ్డి పీకుతున్న సాలమ్మ ఆ మాట విన్నది. విని, గడ్డిని కొంచెం గట్టిగా పీకింది.

ఆ వారమే కంపెనీ పని మీద హైదరాబాదు వచ్చిన ఒక విదేశీ వనిత నాలుగు రోజులు సెలవు గడపడానికి రిసార్టుకు వచ్చింది. పదకొండింటికి లాన్ నడుమ తువ్వాలు పరిచి, ఒంటికి నూనె రాసుకుని, బోర్లా పడుకుంది. కదల్లేదు. మెదల్లేదు.

సాలమ్మ చూసింది. "ఓ రోజారాణీ! జల్దీ నీళ్ళు పట్టుకరావే! పాపం గీ బిడ్డకు ఎండదెబ్బ గొట్టింది!" అని పరుగెత్తింది. కొంగున ఉల్లిగడ్డ తీసి, రాయి మీద కొట్టి, ఆమె అరికాళ్ళకు బరబరా రుద్దడం మొదలుపెట్టింది. తోటి కూలి రోజారాణి తెచ్చిన బిందె నీళ్ళు నడినెత్తిన పోసింది.

ఆ వనిత పెట్టిన కేక దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ విమానాల దాకా వినిపించి ఉంటుంది!

చలపతిరావు వందసార్లు సారీ చెప్పి, సాయినాథ్‌ను పిలిచాడు. "గెస్టులకి సేఫ్ ట్యాన్ రూల్స్ ఇంగ్లీషులో ఉన్నాయి కదా? తెలుగులో రాసి లాన్‌లో బోర్డు పెట్టించు. ఎండలో పడుకోవడం జబ్బు కాదని వీళ్ళకి తెలియాలి!"

సాయినాథ్ శ్రద్ధగా కూర్చున్నాడు. మొదటి మాట దగ్గరే పెన్ను ఆగింది. సన్ బాత్ చేసేవాళ్ళను తెలుగులో ఏమనాలి? డిక్షనరీ "సూర్యస్నానము చేయువారు" అంది. అలా రాస్తే మా అమ్మ మళ్ళీ బిందె తెస్తుంది అనుకున్నాడు. అందరికీ అర్థమయ్యేలా సాదాగా రాశాడు: "ఎండలో ఉండేవారికి సూచనలు."

కింద: పగలు పది నుంచి నాలుగు వరకు ఎండలో ఉండరాదు. అరగంటకొకసారి మంచినీళ్ళు తాగవలెను. తలపై టోపీ ఉండవలెను. కళ్ళు తిరిగినచో వెంటనే గొడుగు కింద పడుకొనవలెను.

చూశారా, ఎంత శాస్త్రీయం! ఎంత దయ! ఇంత దయగల మాటలు ఆ లాన్‌లో అంతకుముందు ఎవరైనా తెలుగులో అన్నారా?

మరునాడు ఏడో తరగతి చదివిన రోజారాణి బోర్డు గట్టిగా చదివింది. ఆరుగురూ విన్నారు.

"ఎండల ఉండేటోళ్ళంటె ఎవరే?" అంది సాలమ్మ.

"మనమే గదా పెద్దమ్మా. ఇంకెవరుంటరు ఎండల?"

సరిగ్గా పది గంటలకు ఆరు కుర్పీలు నేల మీద పడ్డాయి. ఆరుగురు ఆడవాళ్ళు గెస్టుల కోసం వేసిన రంగురంగుల గొడుగుల కింద, పొడవాటి కుర్చీల్లో కాళ్ళు చాపారు. అరగంటకొకసారి నీళ్ళు తాగారు. విదేశీ వనిత పక్క కుర్చీలోంచి చెయ్యి ఊపింది. సాలమ్మ కూడా ఊపింది. పాతవి మనసులో పెట్టుకునే మనిషి కాదామె.

చలపతిరావు లాన్‌లోకి ఉరికొచ్చాడు. "లేవండి! ఏంటిది? ఎవరిమ్మన్నారు మీకా కుర్చీలు?"

"బోర్డుల రాసుండె సారూ," అంది రోజారాణి.

ఆయన సాయినాథ్ వైపు తిరిగాడు. "ఎండలో ఉండేవారు అంటే ఎవడైనా వస్తాడు కదయ్యా! బి.ఏ. చదివావు, ఆ మాత్రం తెలీదా? రంగు తీసుకురా. ఇప్పుడే దిద్దు. అతిథులుగా ఉండేవారికి అని రాయి. లేకపోతే నీ ప్రొబేషన్ సంగతి నే చూసుకుంటా!"

సాయినాథ్ బ్రష్ తెచ్చాడు. ఆ ఒక్క మాట రాస్తే తల్లి మళ్ళీ ఎండలోకి. రాయకపోతే తను ఇంటికి. పెద్దలు చెప్పింది చేయడమే నేర్చుకున్నవాడు. 'ఎండలో' తర్వాత, పైన ఉన్న చిన్న సందులో, మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నవ్ సారూ?" అంది సాలమ్మ.

"అతిథులు అని."

"అంటే ఏంది?"

గెస్టులమ్మా అని ఊరుకుంటే సరిపోయేది. కానీ బి.ఏ. తెలుగు ఊరుకోనిస్తుందా? "అంటే చుట్టాలన్నట్టు అమ్మా. తిథి, వారం లేకుండ వచ్చిపొయ్యేటోళ్ళు."

సాలమ్మ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మల్ల గట్ల చెప్పు! మేనేజరు సారూ, మొన్న కిటికీల మీరేమన్నరు? వీళ్ళు స్టాఫ్ గాదు, వచ్చిపోయేటోళ్ళన్నరు. వచ్చిపోయేటోళ్ళు చుట్టాలు గాకుంటే ఏందయ్యా?"

"మాకు తిథెక్కడిది సారూ? రమ్మంటె వస్తం, వద్దంటె పోతం," అంది రోజారాణి.

చలపతిరావు ఇరుక్కున్నాడు. అతిథులంటే గొడుగులు వీళ్ళవి. కాదు, స్టాఫంటే టోపీలు వీళ్ళవి. చుట్టూ గెస్టులు చూస్తున్నారు. ఎండ నడినెత్తిన ఉంది. ఆయనకు మాత్రం నెత్తిన ఏమీ లేదు, వెంట్రుకలతో సహా!

"సరే, స్టాఫే! స్టాఫే అనుకోండి! టోపీలిస్తా, లేవండి ముందు!"

"టోపీ ఒక్కటే ఎండనాపదయ్యా," అంది సాలమ్మ, ఈసారి నవ్వకుండా. "నిరుడు నాకు రెండు సీసాలెక్కించిన్రు. మేం పొద్దుగాల ఆరింటికి వస్తం, పదింటికి లేస్తం. మల్ల నాల్గింటికి దిగుతం. కలుపు యాడికి వోతది? ఎండకు అది గూడ పండుకుంటది."

చలపతిరావుకు కళ్ళు తిరిగినట్టయింది. తను రాయించిన సూచన ప్రకారం గొడుగు కింద కూలబడ్డాడు. సాలమ్మ నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. కొంగు విప్పబోయింది.

"ఉల్లిపాయొద్దమ్మా!" అన్నాడాయన. "నువ్వన్నట్టే కానీ!"

సాయినాథ్ చేతిలో బ్రష్ అలాగే ఆగిపోయింది. అప్పటికి రెండక్షరాలే పడ్డాయి. చదువుకుంటే ఇలా ఉంది: "ఎండలో అతి ఉండేవారికి సూచనలు."

నాలుగో రోజు విదేశీ వనిత వెళ్ళిపోతూ లాన్‌లోకి వచ్చింది. గోధుమరంగు తేలిన చెయ్యిని మురిపెంగా సాలమ్మ చెయ్యి పక్కన పెట్టి చూపింది. సాలమ్మ ఆ చెయ్యి నిమిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, నాలుగు దినాలకే గింత నల్లగైనవ్! ఎవలు కష్టపెట్టిన్రు బిడ్డా నిన్ను?"

ఏమంటోందని ఆ వనిత సాయినాథ్‌ను అడిగింది. అతను రంగు బాగా పట్టిందంటోందని ఇంగ్లీషులో చెప్పాడు.

అనువాదంలో అది అతని రెండో తప్పు. మొదటి తప్పు ఇంకా ఆ లాన్‌లోనే ఉంది. దిద్దమని చలపతిరావు మళ్ళీ అడగలేదు.