పథ్యం కోడికూర

శనివారం కూతురు రెనీ పెళ్లి. చర్చిలో దాని చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన తండ్రి కార్మైన్‌కు కొత్త సూటు ప్యాంటు బొత్తాం పట్టడం లేదు. అందుకని సోమవారం పొద్దున్నే లొరెట్టా స్లో కుక్కర్ బయటికి తీసింది. తోలు తీసిన కోడి ముక్కలు, టమాటాలు, కాప్సికం, వెల్లుల్లి వేసింది. నూనె పేరుకు నాలుగు చుక్కలు. సాసేజ్ లేదు, చీజ్ లేదు. తను స్కూలు ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి అదే నిదానంగా ఉడుకుతుందనుకుంది.

కింది వాటాలో ఉండే అత్తగారు ఫిలొమేనా కాఫీపొడి కోసం పైకి వచ్చి, అలవాటు కొద్దీ మూత తీసి చూసింది. ఆవిడ భర్తకు ఆస్పత్రిలో ఆఖరి వారమంతా పెట్టింది సరిగ్గా ఇలాంటి కోడికూరే.

"ఎవరికే ఈ పథ్యం?"

"మీ అబ్బాయికే, అత్తయ్యా," అంది లొరెట్టా బూట్లు తొడుక్కుంటూ. "ఆయనతో మాత్రం అనకండి, తట్టుకోలేరు. శనివారం దాకా ఎలాగో లాక్కొస్తే చాలు."

బస్సు వచ్చేస్తోందని ఆవిడ ముఖమైనా చూడకుండా పరుగెత్తింది.

ఫిలొమేనా కుర్చీలో కూలబడింది. తర్వాత ఫోను అందుకుంది. ముందు చెల్లెలికి చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. మధ్యాహ్నానికి ఆ ఒట్టు వాళ్ల ఊరు ప్రావిడెన్స్‌లో సగం ఇళ్లు తిరిగింది. చివరికి చిన్నకొడుకు నూంజియోకీ చేరింది. తండ్రి వదిలిపోయిన ద్రాక్ష గానుగ ఎవరిదన్న తగువుతో అన్నదమ్ములకు ఏళ్ల తరబడి మాటల్లేవు. పెళ్లికి కూడా రానన్నాడు.

ఇవేవీ తెలియని కార్మైన్ పని దిగి, పెళ్లికని జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లాడు. మంగలి ఆల్డో సొంత తమ్ముడికి కూడా ఊరికే కత్తెర ఆడించిన మనిషి కాదు. అలాంటివాడు ఆ రోజు డబ్బు పుచ్చుకోనన్నాడు. పైగా భుజం నిమిరి, "ధైర్యంగా ఉండు," అన్నాడు. కార్మైన్ అడగగా అడగగా ఆల్డో విషయం కక్కాడు. తన చావు కబురు తనకు తప్ప ఊరందరికీ తెలుసని కార్మైన్‌కు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం లొరెట్టా వచ్చేసరికి వీధి పొడవునా కార్లు. వంటింట్లో ఆడవాళ్లు తెచ్చిన పళ్లేలకు చోటు చాలక మెట్ల మీద కూడా పెట్టారు. మధ్యగదిలో ఫాదర్ డొనాటో జపం చేస్తున్నారు. సోఫాలో అన్నదమ్ములిద్దరూ చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. నూంజియోను చూసి లొరెట్టా నిజంగానే ఎవరో పోయారనుకుంది.

"ముందే నాకు చెప్పాల్సింది," అన్నాడు కార్మైన్ బొంగురు గొంతుతో.

"ఏం చెప్పాలి?"

"శనివారం దాకానే నేనుంటానని."

లొరెట్టా అత్తగారి వైపు చూసింది, ఎర్రబడ్డ ఆ కళ్ల వైపు చూసింది. పొద్దుటి తన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి, ముఖం వేడెక్కింది.

"ప్యాంటు పట్టడం లేదండీ మీకు," అంది. "అంతే."

గదిలో జపం ఆగిపోయింది. నూంజియో మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంటే వీడు చావడా?"

"ఇప్పట్లో కాదు."

నూంజియో లేచి, తను తెచ్చిన లసాన్యా పళ్లెం ఎత్తుకుని గుమ్మం వైపు నడిచాడు.

"వెళ్తే వెళ్లరా," అన్నాడు కార్మైన్. "ఆ పళ్లెం అక్కడ పెట్టి వెళ్లు."

"నాన్న గానుగ నొక్కేశావు. ఇది కూడానా?"

ఫిలొమేనా వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది. పొద్దుట్నుంచి ఏడ్చిన ఏడుపు ఊరికే పోనివ్వననీ, ఇద్దరూ కూర్చుని తినాల్సిందేననీ అంది. కూర్చున్నారు. తింటూ గానుగ గురించి మళ్లీ మొదటినుంచీ తగువు పడ్డారు. గొంతులు పెరిగాయి, వేళ్లు చూపించుకున్నారు. లసాన్యా మాత్రం ఒకరికొకరు వడ్డించుకుంటూనే ఉన్నారు. వాళ్ల అరుపులు లొరెట్టాకు ఆ పూట సన్నాయిలా వినబడ్డాయి. వెళ్లేముందు నూంజియో కోటు తొడుక్కుంటూ, ఎవరినీ చూడకుండా, పెళ్లి ఎన్నింటికని అడిగాడు.

స్లో కుక్కర్లోని కోడికూరను ఫాదర్ డొనాటో ఒక్కరే తిన్నారు, అదీ మీద దండిగా చీజ్ చల్లుకుని.