జామచెట్టుకి మైకు కట్టండి!

పెరట్లో పిట్టల కూతలు వినాలంటే పెరట్లోకి వెళ్లాలని ఎవడు చెప్పాడు మీకు? వాడెవడో బొత్తిగా వెనకబడినవాడు! కిటికీలన్నీ బిగించండి. జామచెట్టుకి మైకు కట్టండి. తీగ లోపలికి లాగి స్పీకరు బల్ల మీద పెట్టండి. పిట్ట బయట, కూత లోపల, మీరు సోఫాలో. నాగరికత అంటే ఇదీ!

నేను ఇరవయ్యేళ్లుగా మైకు పట్టుకుని అరుస్తున్నవాణ్ణి. బడి మెట్లు ఎక్కింది తక్కువ, లారీ టాపు ఎక్కింది ఎక్కువ. ఎంత అరిచినా పెద్దవాళ్ల చెవిన పడలేదు. తప్పు నాదే! మైకు నా నోటి దగ్గర పెట్టుకున్నాను. పెట్టాల్సింది వాళ్ల జామచెట్టు మీద.

ఈ జ్ఞానం ప్రసాదించినవారు హార్బరు పక్కన ఇనప ఖనిజం పొడి కుప్పలు పోసే ఒక కంపెనీ మేనేజరు గారు. కంపెనీ పేరెందుకు? ఆ ఎర్రదుమ్ము తిన్నవాళ్లకి తెలుసు, తిననివాళ్లకి అక్కర్లేదు.

ఆయన బంగళా కుప్పల పక్కనే. పెరటి గోడకి అవతల మా కూలీల ఇళ్ల లైను. ఒకప్పుడు దుమ్ము అందరిదీ. ఆయన కాఫీలోనూ పడేది, మా గంజిలోనూ పడేది. సోషలిజం అంటే మరేమిటి? అందుకని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నీళ్ల లారీ వచ్చి కుప్పలు తడిపేది.

తర్వాత బంగళాకి ఏసీ వచ్చింది. కిటికీలకి అద్దాలు బిగించి సందుల్లో రబ్బరు కుక్కారు. ఆయనింట్లో దుమ్ము పోయింది. ఆయనింట్లో లేదంటే ఊళ్లో లేనట్టే కదా? లారీ ఆగిపోయింది!

కానీ పాపం, దుమ్ముతోపాటు పిట్టలు కూడా బయటే ఉండిపోయాయి. మేనేజరు గారికి పిట్టలంటే ప్రాణం. వన్‌టౌన్‌లో మైకుసెట్టు అద్దెకిచ్చే కరీం బాషాని పిలిపించారు. మా కూలీల సంఘం మీటింగులకి మైకు కట్టేదీ బాషాయే. మాకు కట్టాలంటే పోలీసు పర్మిషనూ మూడు సంతకాలూ కావాలి. పికిలిపిట్టకి ఏ పర్మిషనూ అక్కర్లేదు! సాయంత్రానికల్లా మైకు చెట్టెక్కింది.

గోరింకల తగువులూ, పిచ్చుకల పంచాయితీలూ అన్నీ హాల్లోకి వచ్చేశాయి. మేనేజరు గారు బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని, ఏ కూత ఏ పిట్టదో నోటుబుక్కులో రాసుకునేవారు.

వారం తిరక్కుండా ఒక కొత్త పిట్ట పలికింది. పుస్తకంలో ఎంత వెతికినా లేదు. "తెల్లవారి ఐదున్నర. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. జత కోసం పిలుస్తున్నట్టుంది" అని రాసుకున్నారు. తోటి ఆఫీసర్లని టిఫినుకి పిలిచి మరీ వినిపించారు. సైబీరియా నుంచి వచ్చి ఉంటుందని ఒకాయన తేల్చేశారు.

చివరికి బాషాకి కబురెళ్లింది. చెట్టెక్కినప్పుడు దాని గూడేమైనా కనిపించిందా అని ప్రశ్న. బాషా స్పీకరుకి చెవి ఆనించి విన్నాడు.

"పిట్ట కాదు సార్. గోడవతల గౌరీశ్వరి. దగ్గుతన్నాది."

గౌరీశ్వరి కుప్పల దగ్గర రాలిన పొడిని చీపురుతో ఊడ్చే మనిషి. లారీ ఆగిన దగ్గర్నుంచీ దగ్గే. దుమ్ము ఆగితేగానీ దగ్గు ఆగదనీ, ఇలాగే ఉంటే ఊపిరితిత్తులు మిగలవనీ డాక్టరు చెప్పేశాడు. లారీ మళ్లీ పంపండి బాబూ అని నలభై మందిమి వేలిముద్రలు వేసి అర్జీ ఇచ్చాం. ఏడాదయింది. అందిందని ఒక ముక్క లేదు. దగ్గుకి మాత్రం టైమూ, వర్ణనా, అతిథుల అభిప్రాయమూ అన్నీ రికార్డయ్యాయి! ఇంత శ్రద్ధగా మమ్మల్ని ఇంతకుముందు ఎవరు విన్నారు చెప్పండి?

ఈ గౌరవం సంగతి గౌరీశ్వరికి నేనే చెప్పాను.

"సైబీరియా ఏటన్నా, నాను భీమిలే సూడ్నేదు" అంది. మిగతాది పిట్టభాషలో చెప్పింది.

మేనేజరు గారు మాత్రం బాగా నొచ్చుకున్నారు. పిట్టల్ని ఉంచి దగ్గుని తీసేసే మీట ఏదైనా పెట్టమన్నారు. బాషా తల గోక్కుని, విప్పి చూడాలని చెప్పి మైకుని షాపుకి పట్టుకుపోయాడు.

హాలు మూగబోయింది. కూతలకి అలవాటుపడ్డ చెవి ఊరుకుంటుందా? మూడోనాడు ఆయనే రబ్బరు పీకి పెరటి కిటికీ తెరిచారు. పికిలిపిట్ట కూత లోపలికొచ్చింది. దాని వెనకే దుమ్మూ వచ్చింది. మధ్యాహ్నానికి అమ్మగారి తెల్ల కర్టెన్లు ఎర్రబడ్డాయి. నాలుగ్గంటలకి నీళ్ల లారీ వచ్చింది!

నలభై వేలిముద్రలకి రాని లారీ! ఒక ఆడమనిషి ఊపిరికి రాని లారీ! కర్టెను గుడ్డకి పరిగెత్తుకొచ్చింది. ఆ కిటికీ తెరిచే ఉంది గనక ఇప్పుడు రోజూ వస్తోంది.

అందుకే చెబుతున్నాను, ప్రతి పెద్దమనిషి పెరట్లోనూ ఒక మైకు ఉండాలి. కొన్నాళ్లు పనిచేసి తర్వాత రిపేరుకి వెళ్లాలి.

మేనేజరు గారి బంట్రోతు రోజూ షాపుకి వస్తున్నాడు. బాషా రోజూ ఒకటే జవాబు చెబుతున్నాడు.

"పార్టు మద్రాసు నించి రావాల. ఇంకా రానేదు."

ఏ పార్టని నేనడిగాను. బాషా మైకున్న సొరుగు నెట్టేసి టీ తెప్పించాడు. మేనేజరు గారు తెలుగు పత్రికలు ముట్టుకోరు గనక ధైర్యంగా రాస్తున్నాను. గౌరీశ్వరి ఈ వారం రెండు రోజులు దగ్గకుండా నిద్రపోయింది. మద్రాసువాళ్లు నిదానంగానే పంపమనండి.