ముద్ర పడని పేజీ

భద్రాచలంలోని మా వనదీపం బాలికల వసతిగృహం ఆఫీసు ఇకపై కాగితం వాడదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ సంగతిని నలభై ప్రతులు తీసి ఊరంతా అంటించాం.

ఈ ఘనత ఆపరేటర్ ఫ్లోరెన్స్‌ది. సీట్లు వచ్చిన పిల్లల జాబితాను టైపు చేసి, ఇది శీర్షిక, ఇది పేరు, ఇది ఊరు అని గుర్తులు పెట్టి, ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. కళ్లు మూసి తెరిచేలోగా వెబ్ పేజీ తయారు! ఫోన్‌లో పేరు కొడితే చాలు, దొరుకుతుంది.

మా కార్యదర్శి శాంతికుమార్ గారు అంత తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. ఏ కంపెనీదని అడిగారు. ఎవరెవరో కలిసి రాసి ఊరికే ఇచ్చారని, లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చని ఆ అమ్మాయి మురిసిపోతూ చెప్పింది. ఎవరైనా చూడొచ్చనగానే సారు కంప్యూటర్ గదికి రెండు తాళాలు తెప్పించారు.

"రేపు తప్పొస్తే మెమో ఎవరికియ్యాలె ఫ్లోరెన్సూ? మెమో ఇయ్యనీకి మనిషే లేని వస్తువును ఆఫీసుల ఎట్ల పెట్టుకుంటం?"

న్యాయమైన ప్రశ్న. అందుకే ఆ పేజీని ప్రింటు తీశాం. పదిహేడు కాగితాలు. ప్రతిదాని మీదా సారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు, నేను గుండ్రటి ముద్ర కొట్టాను, అటెండర్ బిచ్యా స్కాన్ చేశాడు. ఆ ఫొటోలను మళ్లీ వెబ్‌సైట్‌లో పెట్టాం. మూడు తలకిందులుగా పడ్డాయి. జనం మొదట ఫోన్లు తిప్పారు, ఫోన్లతోపాటు తెర కూడా తిరిగేసరికి మెడలు తిప్పారు. ఆరోగ్యానికి మంచిదే.

శనివారం అయిదింటికి గడువు. ఆలోగా జాబితాలో పేరు చూపించి చేరకపోతే సీటు పోతుంది. నాలుగున్నరకు హేమ్లి అనే ఆవిడ నెత్తిన రేకుపెట్టెతో, కూతురు జ్యోత్స్నతో తండా నుంచి వచ్చింది. ఫ్లోరెన్స్ తన పేజీ తెరిచి చూపింది: అరవై మూడు, జ్యోత్స్న. వరుసలో నిలబడ్డవాళ్లంతా చూశారు. ముద్ర లేని పేజీ చెల్లదు, ముద్ర ఉన్నదాంట్లో చూపించమన్నారు సారు. అందులో అరవై రెండు ఉంది, అరవై నాలుగు ఉంది. మధ్యలో నా ముద్ర ఉంది.

హేమ్లి వరుస వైపు తిరిగింది.

"మీరందరు సూసిన్రు గద. నా బిడ్డ పేరున్నదని ఒక్కరన్న చెప్పుండ్రి."

తమ పిల్లల పేర్లు శుభ్రంగా కనిపిస్తున్న తల్లిదండ్రులు ఫోన్లలోకి తలలు దించుకున్నారు. మీరుంటే తప్పకుండా చెప్పేవారు, నాకు తెలుసు. గడియారంలో అయిదు దాటింది.

నాకూ గుండె కలుక్కుమంది. కానీ నిబంధన నిబంధనే. ఖాళీ అయిన సీటు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకు వెళ్తుంది. మా అమ్మాయి అక్సా సోమవారం పొద్దున్నే చేరింది.