రెండో బ్రేకు

ప్లాన్ చాలా సులువు. ఉదయం అయిదున్నరకు బయల్దేరాలి, పదింటికి చేరాలి, పన్నెండు లోపు హాస్టల్ ఆఫీసులో వార్డెన్ ఎదుట అమ్మాయి సంతకం పెట్టాలి. మిగిలింది ఒక్కటే గది. పన్నెండు దాటితే అది వరసలో తర్వాతి పిల్లకు పోతుంది.

కారు మాస్టారి డ్రైవింగ్ స్కూలుది. పైన బోర్డు, పక్క సీటు ముందు నేర్పేవాళ్ళ కోసం రెండో బ్రేకు. లైసెన్సు వచ్చి పదిహేను రోజులైన కూతురు నడుపుతోంది. స్పీడు యాభై దాటినప్పుడల్లా మాస్టారి కుడికాలు దానంతటదే కిందికి దిగుతోంది.

"నాన్నా, రోడ్డు మీద పిట్ట కూడా లేదు. ఎందుకు నొక్కావు?"

"అలవాటు తల్లీ."

"ఇలా అయితే నేను కాలేజీకి చేరేసరికి రిటైరయ్యే వయసొస్తుంది."

వెనక సీట్లోంచి భార్య అందుకుంది. "ఇరవై నాలుగేళ్ళుగా నేను చదివిన ఊరు, నేను చదివిన ఊరు అని నా బుర్ర తినేశారు. తీరా వెళ్తుంటే ఈ నత్తనడకేంటండీ?"

మాస్టారి కాలు మళ్ళీ కిందికి దిగింది.

చేరేసరికి పదకొండూ ఇరవై. కూతురు తాళం బండికే వదిలేసింది. తల్లీకూతుళ్ళు ఫైలు పట్టుకుని లోపలికి పరుగెత్తారు. మాస్టారు పక్క సీట్లోనే ఉండిపోయి తన పాత కాలేజీ గేటును చూస్తున్నారు. రంగు మారింది. కింది కమ్మీకున్న వంపు మాత్రం అలాగే ఉంది. మొదటి ఏడాది ఆయన సైకిలు చేసిన వంపు అది.

అంతలో డ్రైవర్ వైపు తలుపు తెరుచుకుంది. యాభై ఏళ్ళావిడ ఒకరు ఎక్కి కూర్చున్నారు.

"రోజూ వచ్చే ఆయన రాలేదా? సరే, త్వరగా కానివ్వండి. పన్నెండుకి నాకు పనుంది."

"అమ్మా, ఇది మీ..." అనేలోపే కారు ఎగిరి దూకింది. పంతొమ్మిదేళ్ళ వృత్తి. స్టీరింగ్ ముందు కొత్త మనిషి కూర్చుంటే మాస్టారి నోరు మాస్టారి మాట వినదు.

"క్లచ్ నెమ్మదిగా వదలండి. అద్దం చూసుకోండి. ఎడమకి తిప్పండి."

ఎడమ వీధిలోనే ఆయన తొలి అద్దె గది ఉండేది. నిజం చెప్పి కారు ఆపించాలన్న ఆలోచన మలుపు దగ్గరే జారిపోయింది.

ఆఫీసులో గుమాస్తా తాపీగా చెప్పాడు. "వార్డెన్ గారు డ్రైవింగ్ క్లాసుకి వెళ్ళారమ్మా. పన్నెండుకల్లా వచ్చేస్తారు."

"రాకపోతే?"

"గది తర్వాతి పేరుకి పోతుంది. రూలు."

కూతురు నాన్నకు ఫోన్ చేసింది. అది అమ్మ సంచిలోనే మోగింది. ఇద్దరూ గేటు దగ్గరకు వచ్చి చూస్తే కారు లేదు.

"ఎవరో ఒకావిడ నడుపుకుంటూ ఆ ఎడమ వీధిలోకి వెళ్ళిందమ్మా," అన్నాడు ఎదుటి పళ్ళ బండి అతను. "సారు పక్కనే కూర్చుని నవ్వుతున్నారు."

"నవ్వుతూనా?" తల్లి గొంతు మారింది. "నాతో కారెక్కి ఎప్పుడైనా నవ్వారా ఈయన? ఈ ఊరి మాటెత్తితే కళ్ళలో ఆ మెరుపేంటా అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ!"

అప్పుడే మరో డ్రైవింగ్ స్కూలు కారు వచ్చి ఆగింది. అందులోని బట్టతల మాస్టారు తన శిష్యురాలి కోసం దిక్కులు చూస్తుండగానే తల్లీకూతుళ్ళు వెనక సీట్లో కూర్చున్నారు.

"మా ఆయన్ని ఎవరో పట్టుకుపోయారు. పోనివ్వండి!"

వేట మొదలైంది. ముందు కారు స్పీడు పదిహేను. వెనక కారాయన ఊళ్ళో ఇరవై దాటనని ఒట్టు పెట్టుకున్న మనిషి.

ముందు కారులో మాస్టారు కిటికీలోంచి వేలు చూపించారు. "ఇక్కడ నీలం తలుపు గది ఉండేదమ్మా. ముగ్గురం, రెండు మంచాలు. వానొస్తే మూడోవాడిదే అదృష్టం, మంచం కింద తడవడు. ఇప్పుడు చూడండి, ఫోన్ల కొట్టు."

"గేరు మార్చమంటారా?"

"వద్దు, నెమ్మదిగానే పోనివ్వండి. అదిగో, అది మా హాస్టల్! ఇప్పుడు ఆడపిల్లలకిచ్చారట. వెనక గోడలో మూడో స్తంభం దగ్గర ఇటుకలు మెట్లలా ఉంటాయి. రెండో ఆట సినిమాకి అక్కణ్ణుంచే దూకేవాళ్ళం. ఆహా, ఇంకా అలాగే ఉన్నాయి!"

"మూడో స్తంభం," అన్నారావిడ, బండి ఆపి మరీ శ్రద్ధగా చూస్తూ.

"మా అమ్మాయి ఇందులోనే చేరాలి. పన్నెండులోపు సంతకం పెడితే." మాస్టారు తన కాలి దగ్గరి బ్రేకు వంక చూశారు. "మీతో చెబితే తప్పేముంది గానీ, పొద్దున్నుంచీ ఖాళీ రోడ్డు మీద బ్రేకు నొక్కుతూనే ఉన్నాను. ఆలస్యమైతే ఇంటి పక్క కాలేజీలోనే చేరిపోతుందని. మా నాన్న నన్ను ఆ గేటు దగ్గర దింపి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడమ్మా. రాయిలాంటి మనిషనుకున్నా. ఎందుకు చూడలేదో ఇవాళ తెలిసింది."

"టైమెంత?"

"పదకొండూ యాభై రెండు."

ఆవిడ మూడో గేరు వేశారు.

"అమ్మా! ఎక్కడికంత స్పీడు?"

"ఆఫీసుకి. ఆ సంతకం పెట్టాల్సింది నా ముందే."

మాస్టారి కుడికాలు బ్రేకు మీదకు వెళ్ళింది. అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చేసింది.

పదకొండూ యాభై ఎనిమిదికి రెండు కార్లూ గేటు ముందు ఆగాయి.

"ఎవరండీ ఈవిడ?" భార్య దిగుతూనే నిలదీసింది.

"వార్డెన్ గారట."

"అట ఏంటి? ఇంతసేపూ కబుర్లాడి!"

పన్నెండుకు అర నిమిషం ముందు కూతురు సంతకం పెట్టింది. "మీ నాన్నగారు మంచి మాస్టారమ్మా," అన్నారు వార్డెన్. "ఒక్క క్లాసులో చాలా నేర్పారు."

తిరుగు ప్రయాణంలోనూ కూతురే నడిపింది. మాస్టారు రెండు కాళ్ళూ సీటు మీదికి మడిచి పెట్టుకుని కూర్చున్నారు. స్పీడు అరవై దాటింది.

నెల తిరిగాక హాస్టల్లో చేరి, అక్కణ్ణుంచి కూతురు తొలిసారి ఫోన్ చేసింది: గది బాగుందట, భోజనం పరవాలేదట, తాపీ మేస్త్రీ మాత్రం ఎందుకో ఒక్క మూడో స్తంభం దగ్గరే గోడకు నున్నగా సిమెంటు పూస్తున్నాడట.